తేదీలక్క చెప్పని సగం మాట

తేదీలక్కని ఎవరైనా మెచ్చుకుంటే నేను అడ్డు చెప్పను. తిట్టినా అడ్డు చెప్పను. కాకపోతే నన్ను వదిలేసి ఆవిడ ఒక్కదాన్నే తిడుతుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టేదేదో సరిగ్గా తిట్టండి తల్లీ, పక్కనే నేనూ ఉన్నాను. ఆవిడ ఇరవై ఏళ్ళు సూదులు వేసిన కుర్చీకి ఆరడుగుల దూరంలో, మందుల కిటికీ వెనక కూర్చున్నదాన్ని నేనే. అక్కడ ఏ మాట జరిగినా నా చెవిన పడే జరిగింది.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. ఎనిమిది వందల మంది ఆడవాళ్ళు. కటింగ్ హాలు వెనక, ఇస్త్రీ సెక్షన్‌కి వెళ్ళే ఆవిరి గొట్టాల పక్కన మాకు రెండు గదులిచ్చి, పైన ఆరోగ్య కేంద్రం అని బోర్డు తగిలించారు. ముందు గదిలో ఒక బల్ల, ఒక మంచం, ఆకుపచ్చ తెర, తేదీలక్క కుర్చీ. వెనక గదిలో మందుల బీరువాలు, నేను. మధ్య గోడలో రెండు చేతులు పట్టేంత కిటికీ. డాక్టరమ్మ గురువారం మాత్రమే వచ్చేది, అదీ రెండు గంటలు. మిగతా రోజుల్లో డాక్టరైనా, పెద్దదిక్కైనా నర్సుగా ఉన్న తేదీలక్కే. నన్ను అందరూ కిటికీ పిన్ని అనేవాళ్ళు.

ఆవిడకి తేదీలక్క అన్న పేరు ఊరికే రాలేదు. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే సూది ఉంటుంది కదా, మా ఫ్యాక్టరీలో నాలుగు వందల మంది దాని మీదే ఉండేవాళ్ళు. అందరి తేదీలూ ఆవిడకి నోటికొచ్చు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే మార్కింగ్ సుద్దముక్క పట్టుకుని లైన్ల మధ్య నడిచేది. ఎవరి రోజు దగ్గరపడిందో వాళ్ళ మిషను బల్ల మూల మీద చిన్న గీత గీసి ముందుకి పోయేది. మాటా లేదు, మంతీ లేదు. గీత ఉన్నావిడ దాన్ని తుడిచేసి, ఆ సాయంత్రం గంట కొట్టాక మా గదికి వచ్చేది. "నా పెళ్ళిరోజు మా ఆయనకి గుర్తుండదు గానీ నా సూది రోజు తేదీలక్కకి గుర్తుంటుంది" అని కాలర్ లైన్లో ఒకావిడ అంటే లైనంతా నవ్వారు.

ఆ సూది రాకముందు మా దగ్గర పరిస్థితి వేరు. కడుపుతో ఉన్నదాన్ని మిషను మీంచి లేపి ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబెట్టేవాళ్ళు. కాన్పయి తిరిగొస్తే పాత మిషను ఉండేది కాదు, మళ్ళీ దారాలు కత్తిరించే పనితో మొదలు. అందుకని అనుకోకుండా నెల తప్పినవాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఎక్కడెక్కడికో పోయేవాళ్ళు. గుండీల సెక్షన్‌లో ఒక పిల్ల అలాగే పోయివచ్చి, మర్నాడు పొద్దున స్టూలు మీంచి జారి పడిపోయింది. స్టూలంతా రక్తం. తేదీలక్క ఆ పిల్లని భుజాన వేసుకుని గేటు దాకా పరిగెత్తింది. పిల్ల బతికింది. ఆ తర్వాత ఆవిడ మేనేజరు గది ముందు నాలుగు నెలలు తిరిగి, పోట్లాడి, ఆ సూదులు మా కేంద్రానికి తెప్పించింది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత చెప్పేది విని ఆవిడని రాక్షసి అనుకుంటారేమోనని.

సూది వేశాక దూదితో అద్దుతూ ఆవిడ ఎప్పుడూ ఒకే మాట అనేది. "అయిపోయింది. ఇక దేనికీ భయపడకు." ఆ మాట వినడానికే వచ్చామన్నట్టు వాళ్ళ ముఖాలు తేటపడేవి. మూడు నెలలు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. నేను కిటికీలోంచి చూస్తూ, అబ్బ, ఎంత పుణ్యం కట్టుకుంటోంది ఈవిడ అనుకునేదాన్ని.

దేనికీ భయం లేదన్నది సగం మాటే. సూది కడుపు రాకుండా ఆపుతుంది, అంతే. మగవాడు బయటి నుంచి రోగం తెస్తే దాన్ని ఆపదు. దాన్ని ఆపేది కండోమ్. ఈ సంగతి నర్సుగా ఆవిడకి తెలుసు, మందులిచ్చేదానిగా నాకూ తెలుసు. కండోమ్‌లు అట్టపెట్టెల నిండా మాకు ఉచితంగా వచ్చేవి, నా బీరువా కింది అరలో పడి ఉండేవి. కానీ ఏళ్ళ తరబడి ఆ ముక్క తేదీలక్క నోట్లోంచి వచ్చింది లేదు. గర్భసంచి అనేది, నెలసరి అనేది, రక్తస్రావం అనేది. ఆడవాళ్ళ ఒంట్లో ఉన్నదేదైనా తడబడకుండా చెప్పేది. మగవాడు చేయాల్సిన పని దగ్గరికొచ్చేసరికి చెవులు ఎర్రబడి, నాలిక మడతపడేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎవరైనా ధైర్యం చేసి "పిన్నీ, ఆ పాకెట్లు" అని చెయ్యి చాపితే, ఖాళీ దూది డబ్బాలో పెట్టి, టేపు అంటించి, మొహం అటు తిప్పుకుని ఇచ్చేదాన్ని. అవి రోగాన్ని కూడా ఆపుతాయని ఒక్కరికి చెప్పిన పాపాన పోలేదు.

ఇక తేదీలక్క తమ్ముడి సంగతి. వాళ్ళమ్మ పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఆవిడకి పదిహేడు. కనలేదన్న మాటే గానీ, తల్లి చేయాల్సినవన్నీ ఆవిడే చేసింది. తనకి ఒక కూతురు పుట్టాక కూడా ఇంట్లో పెద్ద గిన్నె వాడికే వెళ్ళేదని తనే నవ్వుతూ చెప్పేది. పెద్దయ్యాక వాడు వ్యాను డ్రైవరయ్యాడు. మా ఫ్యాక్టరీకే గుడ్డ బేళ్ళు తెచ్చేవాడు. ఒకసారి బయల్దేరితే మూడు రోజులు, నాలుగు రోజులు రోడ్డు మీదే. మనిషి చూడ్డానికి బాగుంటాడు, అందరితో కలుపుగోలుగా ఉంటాడు, నన్ను కూడా "ఏం అక్కా, మందులన్నీ నువ్వే మింగేస్తున్నావా" అని ఆటపట్టించేవాడు. వాడిని చూస్తే ఎవరికీ కోపం నిలవదు. అదే వాడికి చేటు చేసింది, మాకూ చేటు చేసింది.

వాడి పెళ్ళాం మా కాలర్ లైన్లోనే మిషను మీద ఉండేది. తేదీలక్కకి మరదలు, నన్ను నోరారా "పిన్నీ" అని పిలిచే పిల్ల. చెయ్యి వేగం, మాట నిదానం. వాళ్ళకి ఒక ఆడపిల్ల. రెండో బిడ్డ గురించి ఆ పిల్లకి ఒక లెక్క ఉండేది, అది దాచుకునేది కూడా కాదు. "నేను ఒక్కదాన్నే పెరిగాను పిన్నీ. ఇంట్లో గోడలతో మాట్లాడుకునేదాన్ని. నా పిల్లకి ఆ గతి పట్టకూడదు, దానికో తోడు కావాలి. కానీ ముందు సూపర్‌వైజర్ని అవ్వాలి. ఇప్పుడు కడుపొస్తే మళ్ళీ దారాలు కత్తిరించుకోవడమే" అనేది. అంతే ఆ పిల్ల కోరిక. ముందు ఉద్యోగం, వెనక బిడ్డ. అత్యాశేం కాదు కదా.

వాళ్ళ పిల్లకి రెండేళ్ళప్పుడు, ఒక సెలవు రోజు, తేదీలక్క నాకు కబురు పంపింది, బీరువా తాళాలు తీసుకుని రమ్మని. వెళ్ళేసరికి వాడు మంచం మీద తలవంచుకుని కూర్చున్నాడు. మూత్రానికి వెళ్తే మంట, చీము. ఎక్కడ తెచ్చుకున్నావని ఆవిడ అడగలేదు. రోడ్డు మీద తిరిగే మనిషి, ఎక్కడో తెచ్చుకున్నాడు. చెంప ఛెళ్ళుమనిపించింది, ఆ చేత్తోనే రోగానికి సూది వేసి, మాత్రలిచ్చింది. వాడు ఏడుస్తూ ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. "నా పిల్ల మీద ఒట్టు అక్కా, మళ్ళీ ఆ జోలికి పోను" అన్నాడు.

"ఇంట్లో దానికి చెప్పావా?" అంది.

"చెప్తే వెళ్ళిపోతుంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆవిడ చేసింది. మర్నాడు మరదల్ని పిలిచి, "ముఖం పాలిపోయింది, రక్తం తక్కువగా ఉంది, ఈ మాత్రలు వారం రోజులు వేసుకో" అని వాడికిచ్చిన మందే ఇప్పించింది. కాగితం సంచీలో మాత్రలు పోసిందెవరు? నేనే. దాని మీద పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని రాసిందెవరు? నేనే. ఎందుకు వేసుకోవాలో మాత్రం రాయలేదు. ఆ పిల్ల మాత్రలు తీసుకుని, "వదినకి నేనంటే ఎంత శ్రద్ధో చూశావా పిన్నీ" అని నాతోనే అంది.

సుఖవ్యాధి అని పేరు పెట్టాడు దానికి ఎవడో మహానుభావుడు. సుఖం ఒకడిది, వ్యాధి ఒకదానిది. ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు కంపరమెత్తుతుంది. ఆ పేరు పైకి అనాల్సి వస్తుందనే కదా మేమిద్దరం నోళ్ళు కుట్టేసుకున్నాం.

తేదీలక్క తమ్ముడికి ఒక షరతు పెట్టింది, ఇక నుంచి ఇంట్లో పాకెట్టు లేకుండా పెళ్ళాన్ని ముట్టుకోవద్దని. వాడు పెళ్ళాంతో, రెండో బిడ్డ ఇప్పుడే వద్దంటున్నావు కదా, ఇవి వాడుకుందాం అని చెప్పాడు. ఆ పిల్ల సంబరపడింది. తన మాట మొగుడు విన్నాడనుకుంది. ప్రతి శనివారం కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపేది. ఏడాది పాటు ఒక్క శనివారం మానలేదు. ఆ పాకెట్లు దూది డబ్బాలో పెట్టి నేనే అందించేదాన్ని. అవి తనని దేన్నుంచి కాపాడుతున్నాయో నాకు తెలుసు, తనకి తెలియదు. వాడు మంచివాడు, నన్ను బాధపెట్టడు అని ఆ పిల్ల ఒకసారి నాతో అంటే, అవునమ్మా అన్నాను. ఆ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

ఏడాది తర్వాత వాడికి పాకెట్లంటే విసుగొచ్చింది. అందరూ సూది వేసుకుంటున్నారు, నీకే ఎందుకీ గోల అని ఇంట్లో రోజూ సతాయింపు. ఒక సాయంత్రం మరదలు మా గదికి వచ్చింది, సూది వేయించుకుంటానంది. తేదీలక్క ఎగిరి గంతేసింది లోపల్లోపల, నాకు తెలుసు, సొంత మనిషి తన సూదికి రావడం ఆవిడకి గొప్ప. మంచం మీద కూర్చోబెట్టి, మందు ఎక్కించి, సూది గుచ్చింది. దూదితో అద్దుతోంది. అప్పుడు ఆ పిల్ల అడిగింది.

"వదినా, సూది పడింది కదా. ఇంక ఆ పాకెట్లు మానెయ్యొచ్చా?"

గోడ అవతల ఆవిరి గొట్టం బుస కొడుతోంది. నేను కత్తెరతో మాత్రల అట్ట కత్తిరిస్తున్నాను. కత్తెర ఆగిపోయింది. మానొద్దు అనాలి. అంటే, ఎందుకు అని అడుగుతుంది. ఎందుకంటే నీ మొగుణ్ణి నమ్మడానికి లేదు అని చెప్పాలి. ఆ మొగుడు తను పెంచిన తమ్ముడు. తేదీలక్క తలెత్తి కిటికీ వైపు చూసింది. నా కళ్ళలోకే చూసింది. నువ్వన్నా చెప్పు అనో, నువ్వు చెప్పకు అనో, ఈ రోజుకీ నాకు తెలియదు. నేను తల దించుకుని మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టాను.

"మానెయ్యమ్మా," అంది ఆవిడ. "ఇక దేనికీ భయపడకు."

ఒట్టు వేశాడు కదా, బుద్ధి వచ్చి ఉంటుంది కదా అని ఆవిడ తనకి తను సర్దిచెప్పుకుంది. వాళ్ళింటి గొడవ నాకెందుకు, పైగా ఆవిడ నాకు పెద్దది అని నేను సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్ల దగ్గర ఒక రక్షణ ఉండేది, తెలియకుండానే ఉండేది. దాన్ని మేమిద్దరం కలిసి ఊడబెరికాం. ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు, మానెయ్ అని చెప్పి మరీ మాన్పించాం.

రెండేళ్ళు ఆ పిల్ల సూది మీద ఉంది. మొదటి ఏడాదిలోనే పొత్తికడుపులో నొప్పి అనేది, మధ్యమధ్య మరకలు, తెల్లబట్ట అనేది. తేదీలక్క "సూదికి అలాగే ఉంటుంది, కొందరి ఒంటికి అంతే" అనేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు, సూదికి మరకలు కనపడటం మామూలే. ఆ మామూలు వెనక అసలుది దాక్కుంది. నొప్పిని పంటి బిగువున పట్టుకుని ఆ పిల్ల కాలర్లు కుట్టింది. అనుకున్నట్టే లైను సూపర్‌వైజరయింది. ఆ రోజు అందరికీ మిఠాయి పంచి, నా దగ్గరికొచ్చి చెవిలో, "ఇక సూది ఆపేస్తున్నా పిన్నీ, దానికి తమ్ముడో చెల్లెలో" అంది.

సూది ఆపాక మళ్ళీ నెల తప్పడానికి కొంతమందికి పది నెలలు కూడా పడుతుంది, ఓపిక పట్టు అన్నాం. పట్టింది. ఏడాది దాటింది. ఒక గురువారం జ్వరంతో, కడుపు పట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ తెర వెనక చాలాసేపు చూసి, పెద్దాసుపత్రికి రాసింది. అక్కడ పరీక్షలన్నీ చేశారు. గర్భసంచికి పక్కనుండే నాళాలు రెండూ పాడైపోయి మూసుకుపోయాయట. ఎప్పటిదో ఇన్ఫెక్షన్, మందు పడకుండా లోపల్లోపల పాకిందట. ఇక మామూలుగా బిడ్డ నిలవడం కష్టమని చెప్పేశారు. కాగితాలు పట్టుకొచ్చి ఆ పిల్ల తేదీలక్క బల్ల మీద పెట్టింది.

"ఇన్ఫెక్షనంటే ఏంటి వదినా? నాకెలా వచ్చింది?"

తేదీలక్క కాగితాలు తిరగేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒక్కోసారి సూది కొందరికి పడదు" అంది.

నా చెవులను నేను నమ్మలేదు. నాలుగు నెలలు మేనేజరు గుమ్మం ముందు నిలబడి తెచ్చుకున్న సూది. గుండీల పిల్లని భుజాన మోసిన నాటి నుంచి ప్రాణంగా చూసుకున్న సూది. తమ్ముణ్ణి కాపాడుకోవడానికి తప్పంతా దాని మీదకే తోసేసింది.

ఆ మాట లైన్లలో ఎంతసేపు దాగుతుంది? వారం తిరక్కుండా ఫ్యాక్టరీ అంతా పాకింది, సూది గర్భసంచిని మూసేస్తుందట, సొంత మరదలికే అలా అయిందట అని. తేదీలక్క గీసిన గీతలు గీసినట్టే ఉండిపోయాయి, వాటిని తుడిచి గదికి వచ్చేవాళ్ళే లేరు. సాయంత్రం గంట కొట్టాక మా తలుపు ముందు ఖాళీ. ఐదు నెలలయ్యాక ఇస్త్రీ సెక్షన్ నుంచి ఒకావిడ వచ్చి కూలబడి ఏడ్చింది. ముగ్గురు పిల్లలు, సూది మానేసింది, నాలుగోది నిలిచింది. "మీ మాట నమ్మాలా, జనం మాట నమ్మాలా చెప్పక్కా" అని తేదీలక్కని నిలదీస్తే, ఆవిడ తల వంచుకుని సిరంజీలు సర్దుకుంది. అప్పుడు నాకు కోపం నషాళానికంటింది.

ఆ ఇస్త్రీ ఆవిడ వెళ్ళిపోయాక కిటికీలోంచి కాదు, గదిలోకే వెళ్ళి నిలబడ్డాను.

"అక్కా, ఆ సూది ఏం పాపం చేసిందని దాన్ని బలిపెడుతున్నావు?"

"సూదికి నోరు లేదు, ఏమన్నా పడుతుంది," అంది. "వాడికి కాపురం ఉంది."

"ఆ పిల్లకి లేదా కాపురం? ఇప్పుడొచ్చి ఏడ్చిందే, దానికి లేదా? రేపు సాయంత్రంలోగా నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు చూసింది. "చెప్పేదానివే అయితే ఆ రోజే చెప్పేదానివి కదే," అంది.

వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆవిడన్నది నిజం.

మర్నాడు సాయంత్రం తేదీలక్కే మరదల్ని పిలిపించింది. ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే ముందు గది తలుపు వేసింది. తలుపు వెనక, గోడకి, కండోమ్‌ల పెట్టెలతో పాటు ఎప్పుడో వచ్చిన బొమ్మల పోస్టరు బయటపడింది. సూదీ పాకెట్టూ రెండూ పక్కపక్కన వేసి, ఇది కడుపు రాకుండా, ఇది కడుపూ రోగమూ రెండూ రాకుండా అని పెద్దక్షరాలతో ఉంది. ఇన్నేళ్ళూ తెరిచిన తలుపు దాన్ని మూసి ఉంచింది. ఆ పిల్ల మంచం మీద కూర్చుని పోస్టరు వైపే చూస్తోంది.

తేదీలక్క నిలబడే చెప్పింది. వాడు వచ్చిన సెలవు రోజు గురించి, వేసిన సూది గురించి, రక్తానికి అని ఇచ్చిన మాత్రల గురించి, పాకెట్ల గురించి. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు.

"ఆ తర్వాత మళ్ళీ వెళ్ళాడా?" అని చివర్లో అడిగింది ఆ పిల్ల.

"వెళ్ళే ఉంటాడు. లేకపోతే నీకు ఇది రాదు."

"నేను అడిగినప్పుడు పాకెట్లు మానెయ్యమన్నది నువ్వే."

"నేనే."

"మన అమ్మాయి అడిగితే, మానెయ్యమనేదానివా?"

మన అమ్మాయి అంటే తేదీలక్క సొంత కూతురు. ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "అనేదాన్ని కాదు" అంది.

తర్వాత జరిగింది మా ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిందే. ఆ పిల్ల మొగుడి మీద అరవలేదు, ఊళ్ళో రచ్చ చేయలేదు. వాడి చేత పరీక్షలు చేయించింది, మందులు మింగించింది, ఆ పైన బట్టలు సర్ది పంపించేసింది. ఆదివారం ఆదివారం వచ్చి కూతుర్ని చూసిపోతాడు. వారం తర్వాత భోజనాల షెడ్డులో, ఆడవాళ్ళందరూ డబ్బాలు తెరుచుకుని కూర్చున్న వేళ, లేచి నిలబడింది. తేదీలక్క గానీ నేను గానీ అడగలేదు, అడిగే ముఖమూ మాకు లేదు.

"సూది నాకేం చెయ్యలేదు. నాకు రోగం వచ్చింది. ఎలా వచ్చిందో విడమరిచి చెప్పక్కర్లేదు, మీరు పిల్లలేం కాదు. సూది కడుపుని ఆపుతుంది, రోగాన్ని ఆపదు. రోగాన్ని ఆపేది కండోమ్. రెండూ వాడండి. మీవాడు దేవుడైనా సరే, వాడండి."

"మా దేవుడు ఒప్పుకోడే," అంది వెనక నుంచి ఎవరో, సగం నవ్వుతూ.

"ఒప్పుకోకపోతే తలుపేసెయ్," అని కూర్చుని డబ్బా తెరిచింది.

అక్కడి నుంచి గీతలు తుడిచి మళ్ళీ మా గదికి రావడం మొదలుపెట్టారు, కొద్దికొద్దిగా. తేదీలక్క ఆ తర్వాత మూడేళ్ళు పనిచేసింది. ప్రతి ఒక్కరికీ సూది వేశాక పూర్తి మాట చెప్పేది, కండోమ్ అనే ముక్కతో సహా. చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి, అయినా చెప్పేది. అది మొహమాటం కాదని నాకు తెలుసు. మరదలు పనుండి గదికొస్తే "సిస్టర్" అని పిలిచేది. వదినా అన్న పిలుపు మళ్ళీ వినపడలేదు. తేదీలక్క దాన్ని మందు మింగినట్టు మింగేది.

ఇక్కడితో ఆపేస్తే నా పరువు దక్కుతుంది. చాలామందికి ఇక్కడితోనే ఆపేశాను కూడా. కానీ ఆ సాయంత్రం ఇంకొక మాట జరిగింది, దాన్ని దాటేశాను.

తేదీలక్క "అనేదాన్ని కాదు" అన్నాక, ఆ పిల్ల మంచం దిగింది. తలుపు వైపు వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఇటు తిరిగి కిటికీ దగ్గరికొచ్చి, శనివారాలు నిలబడే చోటే నిలబడింది. ఏడవలేదు. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"పిన్నీ, నాకు వారం వారం పాకెట్లు కట్టిచ్చింది నువ్వు. సూది వేసుకున్నాక నేను రావడం మానేశాను. అప్పుడు నీకేమనిపించింది?"

భయం వేసిందమ్మా అని చెప్పొచ్చు. బాధేసింది, నిద్రపట్టలేదు అని చెప్పొచ్చు. ఆ పిల్ల నమ్మేది కూడా, ఎప్పుడూ నా మాట నమ్మింది. కానీ ఆ శనివారం నాకు బాగా గుర్తుంది. సాయంత్రం గంట కొట్టింది, కిటికీ ముందు ఎవరూ లేరు, బీరువా మూసి తాళం వేశాను. ఆ పిల్ల ముఖం చూస్తూ నిజం దాచుకుని నిలబడాల్సిన పని ఆ రోజుతో తప్పింది నాకు.

"హమ్మయ్య అనిపించింది," అన్నాను.